సైబర్ టవర్స్ నుంచి మన ఫోన్ దాకా: ఒక లింక్ కథ

ఈ మధ్య చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, అఫిలియేట్ మార్కెటింగ్ మొదలుపెడుతున్నాం, సొంతంగా వెబ్‌సైట్ చేసుకుంటున్నాం. ఏ తప్పులు చేయకూడదో చెప్పు" అని. లిస్ట్ చదివేయడం ఐదు నిమిషాల పని. కానీ ఈ తప్పులన్నీ మనకంటే ముందు ఎవరో ఒకరు చేసినవే. కొన్ని నేనే చేశాను. అవి ఎప్పుడు, ఎందుకు జరిగాయో తెలిస్తే లిస్ట్‌తో పనే ఉండదు. అందుకే ఈరోజు ఎపిసోడ్‌లో చరిత్ర చెప్పుకుందాం, అదీ మన హైటెక్ సిటీ వైపు నుంచి.

ముందు ఒక్క ముక్కలో అసలు విషయం. అఫిలియేట్ అంటే ఏంటి? మీరు ఒక వస్తువు గురించి చెప్పి లింక్ ఇస్తారు. ఆ లింక్ మీద ఎవరైనా కొంటే కంపెనీ మీకు కమిషన్ ఇస్తుంది. కొనేవాడికి ధర పెరగదు. వినడానికి పాత మధ్యవర్తి వ్యాపారమే. ఇంటర్నెట్‌లో దీన్ని 1994లోనే మొదలుపెట్టిన తొలి కంపెనీల్లో సీడీలు అమ్మే సీడీనౌ అనే అమెరికా కంపెనీ ఒకటి. 1996 జులైలో అమెజాన్ తన అసోసియేట్స్ ప్రోగ్రామ్ తెచ్చాక ప్రపంచమంతా పాకింది.

అప్పటికి మన మాదాపూర్‌లో ఏముంది? బండరాళ్లు, ఖాళీ జాగాలు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. పది అంతస్తుల ఆ గుండ్రటి బిల్డింగ్‌తోనే హైటెక్ సిటీ అనే పేరు ఇంటింటికీ తెలిసింది. ఆ మరుసటి ఏడాది, 1999లో, మన సత్యం కంప్యూటర్స్‌కి చెందిన సత్యం ఇన్ఫోవే కంపెనీ ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల గ్రూపును 499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. వెబ్‌సైట్లకు 499 కోట్లా! అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల వెబ్ డిజైన్ కోర్సు బోర్డులు ఎందుకు వెలిశాయో ఇక వేరే చెప్పాలా?

ఇక్కడే మొదటి తప్పు. అది డిజైన్ తప్పు. ఆ రోజుల్లో చాలా తెలుగు సైట్లు తమ సొంత ఫాంట్‌లో నడిచేవి. ఆ ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేకపోతే తెరమీద పిచ్చి గీతలు కనపడేవి. కొందరైతే తెలుగు అక్షరాలను బొమ్మలుగా పెట్టేవారు. చూడ్డానికి బాగుండేది కానీ సెర్చ్ ఇంజిన్‌కి అందులో ఒక్క తెలుగు మాట కూడా అర్థమయ్యేది కాదు. యూనికోడ్ వాడకం పెరిగాకే తెలుగులో వెతికితే తెలుగు దొరకడం మొదలైంది. అన్నేళ్లు రాసినదంతా సెర్చ్‌లో లేనట్టే లెక్క. ఇప్పుడు ఫోన్ ధరలు, ఆఫర్లు అన్నీ ఒక పోస్టర్ బొమ్మలో పెట్టి సైట్‌లో వేస్తున్నారు చూడండి, అది అదే పాత తప్పు. మాటలు మాటలుగానే ఉండాలి, బొమ్మలో ఇరికించకూడదు.

రెండో తప్పు గూగుల్ డబ్బుతో వచ్చింది. 2003లో గూగుల్ యాడ్‌సెన్స్ మొదలైంది, 2004లో గూగుల్ మన హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచింది. సైట్ పెట్టు, యాడ్స్ పెట్టు, డబ్బు వస్తుంది అనే ప్రచారం ఊపందుకుంది. దాంతో చాలామంది మనుషుల కోసం రాయడం మానేసి సెర్చ్ ఇంజిన్ కోసం రాశారు. పక్క సైట్ నుంచి కాపీ కొట్టి, ఒకే మాట ఇరవైసార్లు ఇరికించి పేజీలు నింపారు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే అప్‌డేట్ తెచ్చింది. సరుకు లేని పేజీలు సెర్చ్‌లో కింద పడిపోయాయి. ఏళ్ల తరబడి నిలబెట్టిన ఆదాయం కొందరికి కొన్ని వారాల్లో పోయింది.

ఇంత జరిగాక కూడా 2014లో నేను అదే చేశాను. అప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేవాణ్ని, పగలు మాదాపూర్‌లో ఉద్యోగం, రాత్రి నా సైట్. అమెజాన్ 2013 జూన్‌లో మన దేశంలో మొదలైంది కదా, ఫోన్ల రివ్యూలు రాసి లింకులు పెడితే చాలనుకున్నాను. ఫోన్ చేతిలో పట్టుకోకుండానే, కంపెనీ ఇచ్చిన వివరాలు అటూ ఇటూ మార్చి రివ్యూ అని రాశాను. పేజీ తెరవగానే ఒక పాపప్, కిందికి జరిపితే ఇంకోటి. పైన నాలుగు ఎంబీల ఫొటో. ఆఫీసు నెట్‌లో చూసుకుంటే అదిరిపోయింది. దసరాకి ఊరెళ్లి అమ్మ ఫోన్‌లో తెరిచాను. చాయ్ చల్లారింది కానీ పేజీ రాలేదు.

2015 ఏప్రిల్‌లో ఫోన్‌లో సరిగ్గా కనపడని సైట్లను గూగుల్ మొబైల్ సెర్చ్‌లో వెనక్కి నెట్టింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, ఊళ్లన్నీ ఫోన్ ద్వారా ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. 2017 జనవరిలో పేజీని కప్పేసే పాపప్‌ల వంతు. ఇప్పుడైతే గూగుల్ కొలత ఇంకా స్పష్టం. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. చదువుతుంటే యాడ్ లోడ్ అయి బటన్ కిందికి జారిపోకూడదు. కాబట్టి మీ సైట్‌ని ల్యాప్‌టాప్‌లో చూసి మురిసిపోకండి. తక్కువ ధర ఫోన్‌లో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట తెరిచి చూడండి. నేను ఇప్పటికీ ఎంఎంటీఎస్ రైల్లో చూస్తా.

ఇంతవరకు చెప్పినవి సరిదిద్దుకునే తప్పులు. మూడో తప్పు అలాంటిది కాదు. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

2020 మొదట్లో నాకు ఒక మెసేజ్ వచ్చింది. రంగు గెస్ చేసే గేమ్ అట, ఎరుపా ఆకుపచ్చా చెప్పడమే. ఒక్కో మనిషిని చేర్పిస్తే ఫోన్ అమ్మితే వచ్చేదానికి ఎన్నో రెట్ల కమిషన్ అన్నారు. ఎవరు నడుపుతున్నారో అడగలేదు. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం అని కూడా తెలుసుకోలేదు. సైట్‌లో "ఇంట్లో కూర్చుని సంపాదన" అని రాసి లింక్ పెట్టాను. నాకు కమిషన్ వస్తుందని ఎక్కడా చెప్పలేదు.

లాక్‌డౌన్‌లో మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు అప్పుడు. ముప్పై ఎనిమిది వేలు పోయాయి, అది కాలేజీ ఫీజు. "అన్నా, నువ్వు పెట్టినవ్ కదా అని నమ్మిన" అన్నాడు. తిట్టలేదు. అంతే అన్నాడు.

ఆ ఆగస్టులోనే హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఇలాంటి రంగుల ఆట నడిపే ముఠాను పట్టుకున్నారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో రెఫరల్ మీద జనాన్ని చేర్పించారని, లావాదేవీలు సుమారు 1,100 కోట్లని చెప్పారు. ఆ వార్త చదువుతుంటే నా చేతులు వణికాయి. ఎందుకంటే రెఫరల్ అనేది మనుషులు చేసే పని. ఆ గ్రూపుల్లో జనాన్ని చేర్చింది నాలాంటి వాళ్లే.

తర్వాత చట్టాలు గట్టిపడ్డాయి. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు తీసుకుని చెప్తే ఆ మాట స్పష్టంగా బయటపెట్టాలి, అది కూడా మీరు ఏ భాషలో ప్రచారం చేస్తారో అదే భాషలో. తెలుగులో వీడియో చేసి, కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో పెడితే కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2025 మార్చిలో సైబరాబాద్ పరిధిలోని మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 25 మంది నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చరిత్ర చెప్పే మాట ఒకటే. ఫాంట్ తప్పు, కాపీ తప్పు, పాపప్ తప్పు, దాచిన కమిషన్ తప్పు, అన్నీ ఒకచోటే పుట్టాయి. అవతల చదివే మనిషిని మర్చిపోవడంలో. వాడింది మాత్రమే రాయండి. వాడకపోతే వాడలేదని రాయండి. లింక్ పక్కనే "ఈ లింక్ మీద కొంటే నాకు కమిషన్ వస్తుంది" అని తెలుగులో పెట్టండి. నేను పెట్టాక కొనేవాళ్లు తగ్గలేదు. ఆదాయం ఒక్క కంపెనీ మీదే ఆధారపడనివ్వకండి, రేట్లు వాళ్ల ఇష్టం. ఇంకొకటి. ఎక్కువ కమిషన్ ఇస్తామంటే ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో ముందు అడగండి.

మా తమ్ముడి ఫీజు రెండు విడతల్లో నేనే కట్టాను. చిన్నాన్నకి ఇప్పటికీ తెలియదు. వాడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు, పండక్కి కలుస్తాం, బాగానే మాట్లాడతాడు. పోయిన నెల కొత్త ఫోన్ కొన్నాడు. ఏ ఫోన్ కొనాలో ఊళ్లో అందరూ నన్నే అడుగుతారు. వాడు మాత్రం నన్ను అడగలేదు.

సరే ఫ్రెండ్స్, ఈరోజుకి ఇంతే. మీ సైట్ తయారైతే ముందు అమ్మ ఫోన్‌లో తెరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.