తలాక్ తరువాత ఉమ్మడి తాకట్టు

నరసరావుపేటలో గాని, గురజాలలో గాని దంపతులిద్దరూ చేవ్రాలు చేసి ఇల్లు తాకట్టు పెట్టి, పిమ్మట విడిపోతే ఆ ఋణం ఎవరిది? తలాక్ వివాహబంధాన్ని తెంచుతుంది గాని దస్తావేజును తెంచదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో భార్య ఆస్తి భార్యది, భర్త ఆస్తి భర్తది. ఇక్కడి ఉమ్మడితనం నికాహ్ వల్ల వచ్చినది కాదు, చేవ్రాలు వల్ల వచ్చినది.

“అప్పు నేను తీరుస్తాను” అని భర్త పెద్దల ముందు చెప్పినంత మాత్రాన ఆమె బయటపడదు. అప్పును ఒకరి నుండి మరొకరి మీదికి మార్చడాన్ని ఫిఖ్హ్ పండితులు ‘హవాలా’ అన్నారు (నేటి దొంగసొమ్ము హవాలా వేరు). 12వ శతాబ్దపు హనఫీ పండితుడు మర్గీనానీ ‘హిదాయా’లో ఋణదాత సమ్మతి లేనిదే ఇది చెల్లదన్నాడు. అప్పు అతని హక్కు; తీర్చే స్తోమత అందరికీ ఒకటి కాదు. సమ్మతించినా, భారం తలకెత్తుకున్నవాడు దివాలాతో మరణిస్తే అప్పు మళ్ళీ మొదటి ఋణగ్రస్తురాలి మీదికే వస్తుందని హనఫీల అభిప్రాయం. షాఫియీలు దీనిని ఒప్పుకోరు.

పల్నాడు మద్రాసు రాజధానిలో ఉండగా వచ్చిన 1882 ఆస్తి బదిలీ చట్టమూ సులువైన దారి చూపలేదు. 60వ సెక్షను ప్రకారం సాధారణంగా ఒకరు తమ వాటా మాత్రమే విడిపించుకోజాలరు. అయితే మొత్తం బాకీ తీర్చినవారికి 1929లో చేర్చిన 92వ సెక్షను ఋణదాత స్థానాన్ని ఇచ్చింది. రెండవవారి వాటా సొమ్ముకు ఆ ఆస్తి మీదనే దావా వేయవచ్చు. ఈ హక్కు చాలామంది స్త్రీలకు ఎవరూ చెప్పరు.

మహర్ బాకీ వేరే లెక్క. ఈ అప్పును చూపి దానిని కొట్టివేయాలంటే ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. అన్నిసా సూరా 4వ ఆయత్ పెట్టిన షరతు అదే.