కరెంటు పుట్టే జిల్లాలో యూపీఎస్ కథ

2024 ఆగస్టు 5న ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచలో ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో పాత ప్లాంటు టవర్లవి. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో కునికిపాట్లు పడేవాళ్లకు పాల్వంచ వచ్చిందని దూరం నుంచే చెప్పేవి అవే. ఆ ప్లాంటులో మొదటి 60 మెగావాట్ల యూనిట్ 1966 జులైలో మొదలైంది. 1967 జులై నాటికి అలాంటివి నాలుగయ్యాయి. ఆ తర్వాత ఒక్కోటి 120 మెగావాట్లవి మరో నాలుగు వచ్చి, మొత్తం 720 మెగావాట్లకు చేరింది. బొగ్గు సింగరేణిది, నీళ్లు కిన్నెరసానివి. పాతవాటికి వయసు మళ్లేలోగా 250 మెగావాట్ల యూనిట్లు రెండు, 500ది ఒకటి, 800ది ఒకటి పక్కనే లేచాయి.

పాల్వంచతోనే ఈ లెక్క తెగదు. చింతూరు దాటి అడవిలోకి వెళితే మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది. 115 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రాలు, 1976, 1978 మధ్య తిరగడం మొదలుపెట్టాయి. 2014లో చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసేదాకా అదీ ఖమ్మం జిల్లాలోదే. మణుగూరు పక్కన భద్రాద్రి థర్మల్ కేంద్రం ఈమధ్య వచ్చింది, 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఇక బొగ్గు సంగతికొస్తే, భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర దాని జాడ కనిపెట్టింది 1871లోనే.

ఇంత కరెంటు పుట్టే చోట దుమ్ముగూడెంలోనో, చర్లలోనో, గుండాలలోనో ఇంటికి కంప్యూటర్ తెచ్చుకున్న మనిషి దాంతోపాటు యూపీఎస్ కూడా కొని తెచ్చుకోవాల్సి వచ్చింది. దీపం కింద చీకటి అని ఊరుకుంటే అసలు కారణం కనబడదు. పాల్వంచలో పుట్టిన కరెంటు పెద్ద లైన్లెక్కి నేరుగా గ్రిడ్‌లో కలుస్తుంది. ప్లాంటు పక్క ఊరైనా సరే, దానికి కరెంటు అందేది ఆ ఊరి సబ్‌స్టేషన్ నుంచి, 11 కేవీ ఫీడర్ మీదుగా, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చాకే. ఇంటి కరెంటు ఎలా ఉంటుందో తేల్చేది ఈ చివరి కొన్ని కిలోమీటర్లే. మైదానంలో ఫీడర్ రోడ్డు పక్కనే పోతుంది. ఇక్కడ టేకు, ఇప్ప, మద్ది చెట్ల మధ్య నుంచి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే ఎక్కడో ఒక కొమ్మ తీగ మీద పడుతుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఆ కొమ్మ ఎక్కడ పడిందో వెతకాలంటే లైన్‌మన్ చీకట్లో, వానలో లైను వెంట నడవాలి. వాళ్ల కష్టం చూసినవాళ్లెవరూ కరెంటు ఆలస్యమైందని వాళ్లను తిట్టలేరు.

పెద్దవాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. మణుగూరు భారజల కర్మాగారానికి, సారపాక కాగితం మిల్లుకు సొంత విద్యుత్ ప్లాంట్లున్నాయి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని సొంత ప్లాంటు బల్ల కింద పెట్టుకున్న ఆ చిన్న పెట్టే.

ఆ పెట్టె వెనుక చాలా పాత చరిత్ర ఉంది. లోపలి సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. కరెంటు పోయినా సరఫరా తెగకుండా చూసే పరికరానికి అమెరికాలో జాన్ హాన్లీ 1934లో పేటెంట్ పొందాడు. ఇంటి కంప్యూటర్ అన్న ఊహ కూడా లేని కాలమది. మన దగ్గర 1977లో హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్, 1985లో అమెరికా నుంచి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా బ్యాటరీల రంగంలోకి వచ్చాయి. అమరరాజా ఫ్యాక్టరీ పెట్టింది తిరుపతి పక్కన కరకంబాడిలో. నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీలు తెలుగునేల మీదే తయారవడానికి అలా బాట పడింది.

తొంభైల చివర ఖమ్మంలో డీటీపీ సెంటర్లు పెట్టినవాళ్లను అడిగితే ఆ రోజుల కష్టం చెబుతారు. పేజ్‌మేకర్‌లో పెళ్లి శుభలేఖ సగం కూర్చాక కరెంటు టక్కున పోయేది. తిరిగొచ్చాక విండోస్ 98 నీలం తెర మీద డిస్కు తనిఖీ మొదలుపెట్టేది. అది పూర్తయ్యేదాకా గిరాకీ బెంచీ మీద కూర్చోవాల్సిందే. ప్రతి రెండు లైన్లకూ కంట్రోల్, ఎస్ కలిపి నొక్కే అలవాటు ఆ తరానికి అలా పట్టింది.

అప్పటి కరెంటుకు కోత ఒక్కటే జబ్బు కాదు. పల్లెల్లో త్రీఫేజ్ సరఫరా మోటార్లకు కేటాయించిన గంటల్లోనే వచ్చేది, మిగతా సమయమంతా సింగిల్ ఫేజ్. 2004లో ఉచిత విద్యుత్ వచ్చినప్పుడూ సేద్యానికి రోజుకు ఏడు గంటలే. పైరు ఎండిపోతుంటే రైతు చూస్తూ కూర్చోడు గదా. కెపాసిటర్లు తగిలించి సింగిల్ ఫేజ్ మీదే మోటారు తిప్పేవాడు. దాంతో వీధి మొత్తం వోల్టేజీ పడిపోయి ట్యూబ్‌లైటు కొట్టుకునేది. దీనికితోడు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఉండాల్సిన 50 హెర్ట్జ్ నుంచి 48 దాకా జారిన రోజులూ ఉన్నాయి. 2003 జనవరిలో దక్షిణాది గ్రిడ్‌కు కొత్త టారిఫ్ విధానం వచ్చాకే అది గాడిన పడింది. అంతకుముందు కొన్న యూపీఎస్ ఫ్రీక్వెన్సీ తగ్గగానే కరెంటు పోయిందనుకుని మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్లేది. అది పాడైందని దుకాణానికి మోసుకెళ్లినవాళ్లు ఎందరో.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా చీకటైనప్పుడు మనకేమీ కాలేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా విడిగానే ఉంది. ఆ విడితనం వల్లే బయటి నుంచి కరెంటు తెచ్చుకునే దారీ ఇరుకైంది. ఆ ఏడాదీ మరుసటేడూ వేళాపాళా లేని కోతలు, వాటిపైన అత్యవసర లోడ్ రిలీఫ్ పేరుతో ఇంకొన్ని. పట్టణం కన్నా పల్లెకే ఎక్కువ. 2013 డిసెంబరు 31న రాయచూర్, షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. గంటల తరబడి కోతల కాలం గతించింది. మిగిలినవి అడవి లైను తెచ్చే తంటాలు. క్షణంపాటు పోయి రావడం, వోల్టేజీ ఊగడం, పిడుగు, న్యూట్రల్ తెగడం.

ఇవాళ కొనబోయేవారు మొదట చూడాల్సింది దుకాణంలోని పెట్టెను కాదు, తమ ఇంటి లైనును అని నేను గట్టిగా నమ్ముతాను. ఆన్‌లైన్‌లో అందరూ మెచ్చుకున్నది హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కు సరిపోవచ్చు. చర్లలో దాని పని వేరు.

అన్నింటికన్నా చౌక రకం యూపీఎస్ కరెంటు పోయినప్పుడే పనిచేస్తుంది. మిగతా సమయంలో లైనులో ఏ వోల్టేజీ వస్తే దాన్నే కంప్యూటర్‌కు అందిస్తుంది. లో వోల్టేజీ ఊళ్లలో అది బ్యాటరీనే తినేస్తుంది. వోల్టేజీ కాస్త పడగానే బ్యాటరీ మీదకు వెళ్లడం, కాసేపటికి తిరిగి రావడం, రోజంతా ఇదే పని. ఈ అడవి అంచుకు లైన్ ఇంటరాక్టివ్ రకమే తగినది. దాని లోపల స్టెబిలైజర్ ఉంటుంది. 150, 160 వోల్టులకు పడినా, 280 దాకా లేచినా బ్యాటరీ జోలికి పోకుండా సర్దుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద ఆ వోల్టేజీ హద్దులు చదవండి, ధర ఆ తర్వాత. కరెంటును అనుక్షణం కొత్తగా తయారుచేసే ఆన్‌లైన్ రకం ఆసుపత్రి యంత్రాలకు, సర్వర్లకు. ఇంటికి అది దండగ.

పెట్టె మీద 600 వీఏ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది వాట్లు కాదు. అలాంటి చాలా పెట్టెలు నిజంగా మోసేది 360 వాట్లే. మామూలు డెస్క్‌టాప్, ఎల్‌ఈడీ మానిటర్ కలిపి 100 నుంచి 150 వాట్లు తీసుకుంటాయి గనక బరువు విషయంలో ఇబ్బంది లేదు. ఇబ్బంది సమయంతో. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, లెక్కకు 84 వాట్ అవర్లు. అంత వేగంగా లాగితే దానిలో సగం కూడా చేతికి రాదు. కొత్తలో పావుగంట, రెండేళ్లకు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ చేసిన పని సేవ్ చేసి కంప్యూటర్‌ను సవ్యంగా ఆపడానికే. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించకండి. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటు దీని శక్తికి మించినది.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సీసం బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేకుల కప్పు కింద, గోడకు ఆనించి, బట్టలు కప్పి పెట్టిన యూపీఎస్ రెండో వేసవి దాటితే గొప్పే. గాలి ఆడే చోట, నేలకు దగ్గరగా పెట్టాలి.

న్యూట్రల్ తెగడం ఇంకా ప్రమాదకరం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం మీదో న్యూట్రల్ ఊడితే కొన్ని ఇళ్లకు 230 బదులు 350, 400 వోల్టుల దాకా వస్తుంది. బల్బులు ఒక్కసారిగా వెలిగిపోయి మాడతాయి. యూపీఎస్ లోపలి సర్జ్ రక్షణ క్షణకాలపు దెబ్బకే గాని నిమిషాల తరబడి వచ్చే హై వోల్టేజీకి నిలవదు. మీటరు పక్కన హై వోల్టేజీ కటాఫ్ పెట్టించడం, సరైన ఎర్తింగ్ వేయించడం యూపీఎస్ కన్నా ముందు చేయాల్సిన పనులు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తింగ్ గుంటలో వేసవిలో నీళ్లు పోయకపోతే అది ఉన్నా లేనట్టే. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయాలి. పిడుగును ఆపే యూపీఎస్ ఇంకా పుట్టలేదు.

ఇంట్లో ఇన్వర్టర్, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉంటే కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ కావాలా? చాలామంది అడిగేది ఇదే. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే, వెనుక ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే అక్కర్లేదనే అంటాను. కరెంటు పోయాక ఆ మోడ్‌లో పది మిల్లీసెకన్లలోపు బ్యాటరీ అందుకుంటుంది, కంప్యూటర్ పవర్ సప్లై పదహారు దాకా ఓర్చుకుంటుంది. మామూలు మోడ్‌లో ఆలస్యం అంతకు మించుతుంది, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఫ్యాను, లైట్లు, కంప్యూటర్ కలిపి 300 వాట్లయితే కొత్త బ్యాటరీ నాలుగు గంటల పైచిలుకు లాగుతుంది. దీనికి డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది గనక తలుపులు మూసిన పడక గదిలో ఉంచకూడదు.

గోదారి పొంగినప్పుడు ఈ లెక్కలేవీ చాలవు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గరే. నీళ్లు ట్రాన్స్‌ఫార్మర్లను ముంచితే ప్రాణాలు కాపాడటానికి కరెంటు ఆపేస్తారు, అది తిరిగి రావడానికి రోజులు పడుతుంది. నదీతీరం వాళ్లకు డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాప్ మేలని నా సలహా. దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. వైఫై రౌటర్‌కు 12 వోల్టుల చిన్న బ్యాకప్ తగిలిస్తే పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తు మధ్యలో తెగిపోదు. హెచ్చరిక వినగానే పెద్ద బ్యాటరీని విప్పి మేడ మీదకో, ఎత్తైన అటక మీదకో చేర్చాలి.

పాత బ్యాటరీని తూకానికి ఎవరికంటే వాళ్లకు అమ్మకండి. ఆ సీసాన్ని పెరట్లో కరిగిస్తే పొగ పిల్లల ఒంట్లోకి, మట్టిలోకి చేరుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవాటిని సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలోనే ఇచ్చి, బిల్లులో ఎంత తగ్గించారో రాయించుకోండి.