వేడికి వెల కట్టిన బీరు వ్యాపారి

మొదట అది అచ్చంగా దుకాణం లెక్క. ఇంగ్లండులో మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబం జౌల్‌ వాళ్లది. 1818లో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్‌కు ఇరవయ్యేళ్ల వయసులో ఓ ఆలోచన పట్టుకుంది. ఆవిరి యంత్రానికి బదులు బ్యాటరీతో తిరిగే మోటారు పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా? కొలిచి చూశాడు. పౌను బొగ్గు చేసే పనిలో అయిదో వంతే పౌను జింకు చేస్తోంది. బొగ్గు కంటే జింకు ఖరీదెక్కువ కూడా. మోటారు అటకెక్కింది కానీ, దేనికెంత ఖర్చు, దానికెంత రాబడి అని అడిగే బుద్ధి మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ రోజుల్లో పండితుల లెక్కలో వేడి ఒక పదార్థం. పేరు కెలోరిక్. కంటికి కనబడదు, బరువుండదు, వేడి వస్తువులోంచి చల్లని వస్తువులోకి పారుతుంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, చాలా సంగతులు దానితో చక్కగానే కుదిరేవి. కుదరనిది రాపిడి. దాని మీద మొదట వేలు పెట్టినవాడు అమెరికాలో పుట్టి బవేరియా కొలువులో చేరిన కౌంట్ రమ్‌ఫర్డ్. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడి చూసి, మొద్దుబారిన బరమా పెట్టి, చుట్టూ నీళ్ల పెట్టె బిగించి, గుర్రాలతో తిప్పించాడు. రెండున్నర గంటలకు నీళ్లు తెర్లాయి. నిప్పు లేకుండా నీళ్లు మరగడం చూసి చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. గుర్రాలు తిరిగినంతసేపూ వేడి వస్తూనే ఉంది. లోపల దాగిన పదార్థమే అయితే ఎప్పటికో అప్పటికి అయిపోవాలి కదా అన్నాడు రమ్‌ఫర్డ్ 1798లో. చాలామంది విని ఊరుకున్నారు.

జౌల్ ఊరుకోలేదు. రాగి పాత్రలో నీళ్లు పోసి, మన కవ్వం లాంటి తెడ్లు దించి, వాటిని తిప్పడానికి తాడు చుట్టి రెండు సీసపు దిమ్మెలు కట్టాడు. దిమ్మె ఒక్కొక్కటి 13 కిలోలు. పైకెత్తితే వాటిలో స్థితిజ శక్తి చేరుతుంది. వదిలితే అది కదలికగా మారి నీటిని చిలుకుతుంది. వెన్న పడదు, వేడి పడుతుంది. ఎంత? దిమ్మెల్ని 160 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఇరవై సార్లు దించితే ఆరు లీటర్ల పైచిలుకు నీరు వేడెక్కింది అర ఫారన్‌హీట్ డిగ్రీ మాత్రమే! అందులోనూ గది గాలి, మనిషి ఒంటి వేడి చేసే మాయ తీసేయాలి. డిగ్రీలో రెండువందలో వంతు పసిగట్టే థర్మామీటర్లు వాడాడు. మొలకధాన్యం నానబెట్టే నీరు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా సరుకు మారిపోయే ఇంట్లో పెరగడం వల్లే ఆ ఓపిక అబ్బిందేమో అని నాకనిపిస్తుంది.

1847లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఇదంతా చెప్పబోతే, అధ్యక్షుడు క్లుప్తంగా కానివ్వమన్నాడు. చర్చ కూడా ఉండకపోయేదే. విలియం థామ్సన్ అనే యువకుడు లేచి మాట్లాడబట్టి సభ కళ్లు తెరిచిందని జౌల్ రాసుకున్నాడు. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయిన ఆ థామ్సనేమో, తాను సభలో లేవలేదనీ, ముగిశాకే వెళ్లి పలకరించాననీ అన్నాడు. ఏది నిజమైనా, స్నేహం కుదిరింది.

ఇదే లెక్కను అంతకుముందే మరో దారిలో చేరుకున్నవాడున్నాడు. జర్మన్ వైద్యుడు రాబర్ట్ మేయర్ 1840లో డచ్చి ఓడలో జావా వెళ్లాడు. అక్కడ నావికులకు రక్తం తీస్తే సిరల రక్తం మామూలు కన్నా ఎర్రగా కనిపించింది. వేడి దేశంలో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి తక్కువ ఇంధనం చాలు, అందుకే ప్రాణవాయువు మిగిలిపోతోంది అనుకున్నాడు. తిన్న తిండి వేడిగానూ, పనిగానూ ఖర్చవుతుంది. రెండూ ఒకే ఖాతా. 1842లో అచ్చు వేయించాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఘనత ఎవరిదన్న తగాదా, బిడ్డల చావు కలిసి కుంగదీస్తే 1850లో కిటికీలోంచి దూకేశాడు. బతికాడు గానీ కొన్నాళ్లు పిచ్చాసుపత్రిలో గడపాల్సి వచ్చింది. రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం జౌల్‌కు 1870లో, మేయర్‌కు 1871లో దక్కింది.

మాటల చిక్కు కూడా కొంత అడ్డుపడింది. మేయర్ వాడిన ‘క్రాఫ్ట్’ అనే జర్మన్ మాటకు బలమూ అర్థమే, శక్తీ అర్థమే. మనమూ ఒంట్లో బలం లేదన్నా, శక్తి లేదన్నా ఒకటే అనుకుంటాం. భౌతిక శాస్త్రం పుస్తకం తెరిచాకే రెండూ వేరు పడతాయి.

ఇంతకీ మారకం రేటు ఎంత? లీటరు నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ వేడి చేయాలంటే కిలో బరువు 427 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. మామూలు నీళ్లు లీటరు మరగాలంటే యాభై కిలోల బియ్యం బస్తాను సుమారు 640 మీటర్ల ఎత్తుకు మోసినంత పని. గ్యాసు పొయ్యి మీద ఆ పని అయిదారు నిమిషాల్లో, మనకు చెమట పట్టకుండా అయిపోతుంది. 160 అడుగుల నయాగరా కింద పడ్డాక నీరు వేడెక్కేది ఫారన్‌హీట్ డిగ్రీలో అయిదో వంతేనని జౌల్ ముందే లెక్క కట్టాడు. రాపిడి వేడి అంతకాలం ఎవరి లెక్కకూ ఎందుకు చిక్కలేదో ఈ అంకెలే చెబుతాయి.

జౌల్ 1889లో పోయాడు. మాంచెస్టర్ దగ్గరి సేల్ ఊళ్లో ఆయన సమాధి రాయి మీద 772.55 అని చెక్కి ఉంటుంది. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడి చేయడానికి పౌను బరువు పడాల్సిన అడుగులవి. 1878లో, అరవయ్యో ఏట, మళ్లీ కొలిచి తేల్చిన అంకె. ఇప్పటి కొలత 778.