కొలిచినదానిని మరల కొలుచుట



మన యూళ్లలో కొలతసాధనములు మొదట శరీరమునందే యుండెను. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, ఇవి యెవరిని అడిగి తెచ్చుకొన నక్కరలేనివి. చిక్కు కూడ అక్కడనే యున్నది. నేయువాని మూర వేఱు, కొనువాని మూర వేఱు. కళ్లములో కుంచమును అంచుకు సమముగ కొట్టి కొలువవలెనా, పైన గోపురము పోసి కొలువవలెనా యను తగవున ఎన్ని పాళ్లు చెడినవో మీకు నేను చెప్పనేల? 1956లో తూనికలకు కొలతలకు దేశమంతటికి ఒకే శాసనము వచ్చినది. ఇప్పుడు బడిలో పిల్లలకు విజ్ఞానశాస్త్రమున నేర్పువానిలో కొలత యొకటి. కొలబద్దను ఎట్లు ఆనించవలెను, కన్ను ఎచ్చట నుంచవలెను, ఒక్కసారి చూచిన అంకెను ఏల నమ్మరాదు, ఇవి యా పాఠములు.

ఇంతమాత్రమునకు పుస్తక మెందుకని కొందఱు పెద్దలు నవ్వుట నేను విన్నాను. ఆ పాఠమునే పట్టుకొని ఇరువదియేండ్లకు పైగా మన దక్షిణదేశపు కొండలెక్కి దిగి, పని ముగియకమునుపే దారిలో మరణించిన యొక మనుష్యుని వృత్తాంతమును నేడు చెప్పెదను. అతని పేరు విలియం లాంబ్టను.

లాంబ్టను ఇంగ్లీషు కంపెనీవారి పక్షమున 1799లో శ్రీరంగపట్టణపు యుద్ధమున నుండినవాడు. యుద్ధము ముగిసిన పిమ్మట, సముద్రమునుండి సముద్రమువఱకు దేశమును త్రిభుజములుగా కొలిచెదనని దొరతనమువారికి మనవి చేసెను. కంపెనీవారికి కావలసినది పటము. సేన నడపుటకు, శిస్తు వేయుటకు పటము కావలెను. రైతు మేలు కోరి చేసిన పని యని నేననను. లాంబ్టను మనసున మాత్రము ఇంకొక ప్రశ్న యుండెను. భూమి సరియైన బంతివలె నున్నదా, ధ్రువములకడ నొక్కినట్లున్నదా? ఉన్నచో ఎంత? ఉత్తరదక్షిణముగ నేలమీద ఒక్కొక్క డిగ్రీ పొడవెంతయో కొలిచినగాని దీనికి సమాధానము దొరకదు. చెన్నపట్టణమున ఖర్చులు చూచు పెద్దమనుష్యు డొకడు, శ్రీరంగపట్టణమునకు పోవలసినవాడు పల్లకీబోయీలతో చెప్పిన చాలును, దానికి ఈ పటమెందుకని ఆక్షేపించెనట. నేటికిని ఇట్టి మాటలు వినబడుచునే యున్నవి.

పని 1802 ఏప్రిలులో చెన్నపట్టణమునొద్ద పరంగికొండ సమీపమున ఆరంభమైనది. చదునైన నేలపై ఏడున్నర మైళ్ల పొడవున ఒక తిన్నని గీతను ఎంచుకొనిరి. దీనిని ఆధారరేఖ యందురు. గొలుసు ఉక్కుది, 100 అడుగులది. రెండున్నర అడుగుల కడ్డీలు 40 కూర్చి చేసినది. లండనులో చేయబడిన యా గొలుసు చీనా చక్రవర్తికి కానుకగా పోయి, అతడు వలదనగా తిరిగివచ్చి, చేతులు మాఱి లాంబ్టనునకు చేరినది.

దీనిని అమీను గొలుసువలె నేలమీద ఈడ్చలేదు. ముక్కాలిపీటలమీద చెక్కతొట్లను ఎత్తుపల్లములు లేకుండ వరుసగా నుంచి, వానిలో గొలుసును పఱచి, బిగువు ఎల్లప్పుడు ఒక్కటిగా నుండునట్లు బరువు వ్రేలాడదీసి కొలిచిరి. తొట్లలో ఉష్ణమాపకముల నుంచిరి. ఏల? బండిచక్రమునకు ఇనుపపట్టా వేయు కమ్మరిని అడుగుడు. చల్లని పట్టా చక్రమునకు పట్టదు. కాల్చినచో సాగి పట్టును. నీళ్లు పోయగానే బిగియును. గొలుసు గుణమును అదియే. 100 అడుగుల ఉక్కు గొలుసు ఫారన్‌హీటు లెక్కలో 30 డిగ్రీలు వేడెక్కినచో దాదాపు కాలంగుళము సాగును. కాలంగుళము ఒక వడ్లగింజ పొడవైనను లేదు. కాని ఏడున్నర మైళ్లకు అట్టి గొలుసులు ఇంచుమించు 400 పట్టును. తెల్లవాఱుజామున కొలిచినవానికిని, చైత్రమాసపు మధ్యాహ్నమున కొలిచినవానికిని నడుమ ఏడెనిమి దడుగుల భేదము వచ్చును, ఇద్దఱును నిజాయితీపరులే. పొలముగట్లమీద అన్నదమ్ములు కత్తులు దూసిన తగవులలో ఇట్టివి కొన్ని యుండెనేమోయని నాకు తోచును. అందుచేత లాంబ్టను ప్రతి కొలతతోడను ఎంత వేడిలో కొలిచినదియు వ్రాసి, ఆ మేరకు అంకెను సవరించెను. మఱియొక గొలుసును పనిలో వాడక ప్రమాణముగా దాచి, పనిగొలుసు అరిగెనో సాగెనో దానితో సరిచూచుచుండెను.

ఒక రేఖ తెలిసిన పిమ్మట నేలమీద గొలుసు ఈడ్వ బనిలేదు. రేఖ రెండుకొనలనుండి దూరపు కొండమీది జెండాను చూచి, రెండు కోణములు కొలిచినచో ఆ కొండ దూరము లెక్కకు వచ్చును. ఆ దూరమే తరువాతి త్రిభుజమునకు ఆధారము. లెక్కకు రెండు కోణములే చాలును. అయినను మూడవ మూలకు పోయి ఆ కోణమును కూడ కొలువ వలయునని వీరి నియమము. మూడు కోణములు కలిపినచో 180 డిగ్రీలు, భూమి గుండ్రన గనుక దానికి రవంత హెచ్చు కావలెను. కానిచో ఎచ్చటనో తప్పున్నదన్నమాట. తప్పు ఇతరులు పట్టుకొనకమునుపు తానే పట్టుకొనుటకై ఒక కొండ అదనముగా ఎక్కుట యిది. కోణములను కొలుచు యంత్రము, థియొడొలైటు, దాదాపు అరటన్ను బరువు. అది ఇంగ్లండునుండి వచ్చుచుండగా ఫ్రెంచివారు ఓడను పట్టుకొని మారిషసునకు గొనిపోయిరి. ఆచటి గవర్నరు శత్రువుల సొత్తని చూడక దానిని చెన్నపట్టణమునకు పంపించెను. 1808లో తంజావూరి పెద్దకోవెల గోపురముపైకి ఎక్కించుచుండగా అది కొట్టుకొని, వలయము వంకరపోయినది. లాంబ్టను ఆఱువారములు గుడారమున కూర్చుండి, మేకులతో మరలతో రవ్వంత రవ్వంతగా లాగి దానిని మరల గుండ్రన చేసెను.

త్రిభుజముల గొలుసు బెంగుళూరు చేరినప్పుడు అసలు పరీక్ష వచ్చినది. 1804లో ఆచట మఱియొక ఆధారరేఖను నేలమీద కొలిచి, చెన్నపట్టణమునుండి లెక్కకట్టిన పొడవుతో పోల్చిరి. భేదము 4 అంగుళములైనను లేదు. పడమటి సముద్రము చేరునప్పటికి తేలిన దేమన, పాతపటములు మన ద్వీపకల్పమును 40 మైళ్లు హెచ్చు వెడల్పుగా చూపుచుండెను. పల్లకీబోయీలు ఆ మాట చెప్పలేదు.

పిమ్మట పని ఉత్తరమునకు సాగి తెలుగునాడు ప్రవేశించినది. 1811లో గుత్తియొద్దను, 1815లో బీదరునొద్దను ఆధారరేఖలు కొలిచిరి. కొండ నెక్కి గొట్టములో చూచు ఈ మనుష్యులను ప్రజలు శంకించుట సహజమే. ఆ దూరదర్శినిలో బొమ్మ తలక్రిందుగా కనబడును. దానితో ఆడవాండ్రను తలక్రిందులుగా చూచుచున్నారను వదంతికూడ పుట్టినది. జెండాలు మోసినవారు, అడవులు నఱికినవారు, దీపములు పట్టినవారు మనదేశపు కూలీలు, లాస్కరులు. వారి పేర్లు పుస్తకముల కెక్కలేదు.

లాంబ్టను హైదరాబాదున నుండగా, 1818లో జార్జి ఎవరెస్టు అతనికి సహాయకుడుగా వచ్చెను. మఱుచటియేట కృష్ణా గోదావరుల నడిమి యడవులకు పోయెను. వానకాలమున ధూళి యణగి దూరపు కొండ స్పష్టముగ కనబడును గనుక ఆ కాలమునే ఎంచుకొనిరి. ఎల్లాపురపు అడవిలో దండెల్ల జ్వరముపాలైనది. డోలీలలో, ఏనుగులమీద హైదరాబాదు చేరకమునుపే 15 మంది మరణించిరి. అడవిగాలి విషమని నాటివారి నమ్మకము. అది మలేరియా యని నేటివారి యభిప్రాయము. ఆ జ్వరపు మూలమును దోమ కడుపులో రొనాల్డు రాసు కనుగొన్నది 1897లో, మన సికిందరాబాదునందే. గాలియని నమ్మి యూరకుండక, ఒక్కొక్క దోమను కోసి చూచుటవలన అది తెలిసినది.

లాంబ్టను 1823 జనవరిలో, హైదరాబాదునుండి నాగపురమునకు పోవుచు హింగన్‌ఘాటునందు మరణించెను. సమాధి అక్కడనే యున్నది. పనిని ఎవరెస్టు చేపట్టి హిమాలయపాదమువఱకు నడిపెను. ఆ త్రిభుజముల ఆధారముననే, రాధానాథ సిక్దారు మొదలగువారు కట్టిన లెక్కలతో, లోకమున నెల్ల ఎత్తైన శిఖరము 29,002 అడుగులని 1856లో ప్రకటించిరి. 2020లో ఆకాశయంత్రముల సాయమున కొలువగా 8,848.86 మీటర్లని తేలినది. భేదము 30 అడుగులే.

మీ యింటి పిల్లలకు చూపదగిన చిన్నపని యొకటి చెప్పెదను. కాలువకు ఆవలి గట్టున చింతచెట్టుండిన, దానికి సరిగా ఎదురుగా ఈవలిగట్టున ఒక పుల్ల నాటుడు. నాలుగువైపులు సమముగానున్న కాగితమును మూలనుండి మూలకు మడచిన అర్ధ లంబకోణము వచ్చును. దానిని ఒక పలకమీద పఱచి, ఒక అంచు గట్టువెంబడి పుల్లను చూచుచుండగా మడతవెంబడి చెట్టు కనబడువఱకు నడువుడు. అక్కడనుండి పుల్లకెంత దూరమో చెట్టు వెడల్పున అంతే దూరమున నున్నది. కుఱ్ఱవాడు అంతటితో మెచ్చుకోలుకై మీ మొగము చూచును. పుల్లకు రెండవప్రక్కకు పంపి మరల కొలిపింపుడు. రెండంకెలు కలియకున్న గద్దింపక, రెండును వ్రాయించి, ఎందుకు కలియలేదో వానినే వెదకనిండు. గట్టు వంకరయో, పుల్ల చెట్టునకు ఎదురుగా లేదో వాడే చెప్పును. నచ్చిన అంకె నుంచి రెండవదానిని తుడిచివేయు అలవాటు మాత్రము రానీయకుడు. చదువుకొన్నవారిలో కూడ ఈ దోషమును నేను చూచియున్నాను.

ఎవరెస్టు గొలుసులను నమ్మక, ఇత్తడియు ఇనుమును జతచేసి, వేడికి ఒకటి సాగినమేర రెండవది సరిచేయునట్టి దండములను 1830లో ఇంగ్లండునుండి తెచ్చెను. పని ముగియవచ్చినపుడు, 1841లో, తన సహాయకుడగు ఆండ్రూ వాను బీదరునకు పంపి, 1815లో లాంబ్టను గొలుసుతో కొలిచిన యా నేలనే మరల కొలిపించెను. ఉత్తరమున 400 మైళ్లకు పైగా దూరమున నున్న సిరోంజునుండి త్రిభుజములవెంబడి వచ్చిన అంకెకును, నేలమీద కొలిచిన అంకెకును నడుమ కొలది అంగుళముల భేదమే యుండెను. లాంబ్టను తన పెద్దయని ఎవరెస్టు పాత అంకెను నిలుపలేదు. 1847లో ప్రకటించిన గ్రంథమున చేరినది క్రొత్త కొలతయే.