తపాలాకు లేని సరిహద్దు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉమ్మడి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. మా సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది. తాలూకాల మధ్య గీత పడింది గాని, తెలుగు పత్రికకు మాత్రం అది అడ్డం రాలేదు. కారణం తపాలా. దూరంతో నిమిత్తం లేని తపాలా రేటు 1854లోనే మన దేశంలో వచ్చింది. అంటించే బిళ్ల బరువును బట్టే, పోయే దూరాన్ని బట్టి కాదు. రిజిస్టరైన పత్రికలకు అది పైసల్లో ఉండేది. 1924లో మొదలైన ‘భారతి’ 1991లో ఆగిపోయేదాకా ఆదోని చందాదారుకు ఏ రేటో, సిరుగుప్ప చందాదారుకూ అదే రేటు.

మొబైలు ఫోను వచ్చాక ఆ పాత గీత మళ్లీ పైకి తేలింది. లైసెన్సుల కోసం దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టారు. మాది కర్ణాటక, ఆదోనిది ఆంధ్రప్రదేశ్. ఆదోని బస్సు సరిహద్దు దాటితే చాలు, ఫోను రోమింగులో పడేది. రోమింగులో ఉండి పై సర్కిలుకు పంపే ఒక సందేశానికి 1.50 రూపాయలకు మించరాదని ట్రాయ్ 2013లో పరిమితి పెట్టింది. 2015లో దాన్ని 38 పైసలకు దించింది. ఒకే జిల్లాగా బతికిన ఊళ్ల మధ్య ఇది పరదేశపు సుంకంలా ఉండేది.

సందేశాల చందా సేవలదీ అదే తంతు. ఆదోనిలో మా చెల్లెలికి రోజూ తెలుగులో రాశిఫలాలు వచ్చేవి. నాకూ కావాలని అడిగితే, ‘మీ సర్కిలులో లేదు’ అన్నారు. అడగని పాటల సేవకు మాత్రం నెలకు 30 రూపాయలు కోసుకున్నారు. బ్యాంకులో పైసా తేడా వస్తే రాత్రిదాకా కూర్చునే నాకు, ఆ పద్దు ఎవరిని అడగాలో తెలియలేదు. ఇలాంటి సేవలకు ఖాతాదారు అంగీకారం రెండుసార్లు తీసుకోవాలని ట్రాయ్ 2013 జులైలో ఆదేశించాక గాని ఈ బాధ తగ్గలేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. జీబీకి 200 రూపాయలు దాటిన డేటా ధర కుప్పకూలింది. మరుసటి ఏడాదికి దేశంలో రోమింగు రుసుము కూడా పోయింది. వాట్సాప్ అంతకుముందే, 2016 జనవరిలో, తన ఏడాది రుసుమును ఎత్తేసింది. గీత మళ్లీ చెరిగింది. సంతోషమే.

కాని వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి గనుక పద్దు రెండోవైపూ చూస్తాను. తపాలా కాలంలో మోసే ఖర్చు స్వల్పం, చందా ముఖ్యం. పాఠకుడి డబ్బులో ఎక్కువ భాగం పత్రికకే చేరేది. ఇప్పుడు నెల రీఛార్జికి 300 రూపాయల దాకా పెడుతున్నాం. అదంతా మోసేవాడికే. మోయబడే అక్షరం మాత్రం ఉచితంగా రావాలంటున్నాం.

మొన్న మా వీధి మిత్రుడొకరు, ‘ఈ నెల పత్రిక పీడీఎఫ్ పంపు సార్’ అన్నారు. పంపలేదు. నా ప్రతి చదవమని ఇచ్చి, లోపల చందా ఫారం పెట్టాను. ఆయన పత్రిక తిరిగిచ్చారు. ఫారం ఇంకా ఇవ్వలేదు. ఎదురుచూస్తున్నాను.