బెయిలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత చరిత్ర

నేరారోపణ మీద పట్టుబడిన మనిషిని, పిలిచినప్పుడల్లా కోర్టుకు హాజరవుతాడన్న పూచీ మీద విడిచిపెట్టడాన్ని బెయిలు అంటారు. దానితో కేసు పోదు, నిర్దోషి అని తేలినట్టూ కాదు. తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్ళు దీన్ని జమానత్ అంటారు. నిజామాబాద్ ఉమ్మడి జిల్లా తూర్పు, దక్షిణ భాగాల్లోని కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల్లో బెయిలు చరిత్రను రెండు ప్రశ్నలు నడిపించాయి: బెయిలు ఇచ్చే అధికారి ఎంత దూరంలో ఉన్నాడు, పూచీ పడేవాడు ఎవడు?

నిజాం కాలంలో శిస్తు వసూలు చేసే తహసీల్దారే చిన్న నేరాలకు మెజిస్ట్రేటు. జిల్లాకు పెద్ద అయిన అవ్వల్ తాలూక్‌దారు మెజిస్ట్రేట్లందరికీ పైవాడు. 1905 పునర్వ్యవస్థీకరణ నాటికి ఇందూరు జిల్లా నిజామాబాద్‌గా మారింది, కామారెడ్డి, ఎల్లారెడ్డి దానిలో తాలూకాలు. శిస్తు బాకీ పడ్డ రైతు ఏదో తగాదాలో ఇరుక్కుంటే, ఆ బాకీ అడిగే కచేరీలోనే జమానత్ కూడా అడుక్కోవాలి. ఈ ముడిని 1921లో ఏడో నిజాం ఫర్మానా విప్పి, న్యాయశాఖను రెవెన్యూ నుంచి వేరు చేసింది. బ్రిటిష్ ఇండియా కన్నా హైదరాబాద్ సంస్థానం ఈ విషయంలో ముందుంది. దేశవ్యాప్తంగా ఈ విభజన పూర్తిగా చట్టంలోకి ఎక్కింది 1973 నేర ప్రక్రియా స్మృతితోనే. అయితే కాగితం మీది విభజన దొర గడీ ముందు ఎంత నిలబడిందన్నది వేరే సంగతి.  నిజాం పాలన చివరి ఏళ్ళలో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి వంటి రాజకీయ ఖైదీలను ఇందూరు కోట జైల్లో పెట్టారు.

పోలీసు చర్య తరువాత, 1951లో, బ్రిటిష్ కాలపు 1898 నేర ప్రక్రియా స్మృతి హైదరాబాద్ రాష్ట్రానికి వర్తించింది. బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అనే విభజన ఆ స్మృతిలో ఉంది. బెయిలబుల్ నేరమైతే బెయిలు నిందితుడి హక్కు, స్టేషన్‌లోనే ఇచ్చి పంపాలి. నాన్ బెయిలబుల్ అనగానే బెయిలు రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అక్కడ నిర్ణయం కోర్టు విచక్షణకు వదిలేశారు, అంతే. ముందస్తు బెయిలు మాత్రం పాత స్మృతిలో లేదు. లా కమిషన్ 1969 నాటి 41వ నివేదికలో సూచించగా, 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త స్మృతి 438వ సెక్షన్‌గా దాన్ని చేర్చింది. ఎస్సీ, ఎస్టీల అత్యాచార నిరోధక చట్టం (1989) 18వ సెక్షన్ ఆ కేసులకు ఈ సౌకర్యాన్ని తీసేసింది.

ఊళ్ళలో బెయిలుతో కలిపేసే మరో మాట బైండోవర్. ఎన్నికలు రాగానే పాత కేసులున్నవాళ్ళను తహసీల్దారు ముందుకు తీసుకెళ్ళి, శాంతి భంగం చేయనని బాండు రాయించుకునే పద్ధతి అది. అక్కడ నేరం జరిగిందన్న ఆరోపణే ఉండనక్కరలేదు, కనుక అది బెయిలు కాదు. రెవెన్యూ అధికారి చేతిలో 1921 తరువాతా మిగిలిన మెజిస్ట్రేటు అధికారంగా మాత్రం దాన్ని చూడవచ్చు.

బెయిలు గురించి దేశమంతా వల్లించే తీర్పుల్లో ఒకటి తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసులోది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌పై గుడికంటి నరసింహులు కేసు అది. సెషన్స్ కోర్టు విడిచిపెట్టినవారికి హైకోర్టు శిక్ష వేయగా, అప్పీలు తేలేదాకా బెయిలు అడిగారు. 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన ఉత్తర్వు, బెయిలు నిరాకరించడమంటే రాజ్యాంగం 21వ అధికరణ కాపాడే స్వేచ్ఛను తీసేయడమేనని గుర్తు చేసింది. మరుసటి ఏడాది మోతీరామ్ కేసులో ఆయనే ఇంకా లోతుకు వెళ్ళారు. మధ్యప్రదేశ్‌లో ఒక మేస్త్రీకి బెయిలు వచ్చినా, మెజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తోసేశాడు. ఇలా జిల్లా హద్దు చూసి జామీనుదారుణ్ణి కాదనడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. చెప్పి దశాబ్దాలు గడిచినా స్థానిక పూచీ పట్టింపు కోర్టుల్లో పోలేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్ళీ అదే మాట చెప్పాల్సి వచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంట్ ఆ సంగతిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది.

అసలు చిక్కు ఇక్కడే. బెయిలు ఉత్తర్వు రావడం ఒక ఎత్తు, ష్యూరిటీలు పెట్టడం ఒక ఎత్తు. ఇంటి పన్ను రసీదు, ఇంటి విలువ చెప్పే పత్రం, పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్ – వీటిలో ఏదో ఒకటి పట్టుకుని మనిషి స్వయంగా మెజిస్ట్రేటు ముందు నిలబడాలి. నిందితుడు పారిపోతే బాండు మొత్తం తానే కట్టాలి. అమెరికాలోలాగా రుసుము తీసుకుని పూచీ పడే వ్యాపార సంస్థలు మన దేశంలో లేవు. బంధువో, స్నేహితుడో రావాలి. వలస కూలీకి ఆ బంధువు ఎక్కణ్ణుంచి వస్తాడు? 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఈ బాధనే పట్టించుకుంది. ఎన్నో కేసుల్లో బెయిలు వచ్చినా ఒక్కోదానికి వేరువేరు జామీనుదారుల్ని తేలేక లోపలే ఉన్న వ్యక్తికి, అవే పూచీలు పలు కేసులకు చాలునంది.

దూరం విషయానికొస్తే మార్పు కనిపిస్తుంది. ఎల్లారెడ్డి ఠాణాలో అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎల్లారెడ్డిలో ఉన్నది జూనియర్ సివిల్ జడ్జి స్థాయి కోర్టు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాల్లో కింది మెజిస్ట్రేటు సాధారణంగా బెయిలు ఇవ్వలేరు, సెషన్స్ కోర్టుకు వెళ్ళాలి. జిల్లా సెషన్స్ కోర్టు దశాబ్దాలపాటు నిజామాబాద్‌లో ఉండేది. కామారెడ్డి నుంచే అది 50 కిలోమీటర్లు దాటుతుంది, ఎల్లారెడ్డివాళ్ళకు దూరాభారం చెప్పనక్కరలేదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినా జిల్లా కోర్టు వెంటనే రాలేదు. 2022 జూన్ 2న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చేతుల మీదుగా కొత్త న్యాయ జిల్లాలు మొదలయ్యాకే కామారెడ్డికి సొంత జిల్లా, సెషన్స్ కోర్టు దక్కింది.

2024 జూలై 1 నుంచి 1973 స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. ముందస్తు బెయిలు 482వ సెక్షన్‌కు మారింది. దర్యాప్తు 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో ముగిసి చార్జిషీటు పడకపోతే బెయిలు హక్కయ్యే పాత నియమం 187లో కొనసాగుతోంది. కొత్తదనం 479లో ఉంది: అంతకుముందు ఏ నేరంలోనూ దోషులుగా తేలనివాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. మిగతావాళ్ళకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు.

ప్రత్యేక చట్టాల సంగతి వేరు. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల స్థానిక సంస్థల ప్రతినిధిగా అప్పుడు శాసనమండలిలో ఉన్న కల్వకుంట్ల కవితను 2024 మార్చి 15న మనీ లాండరింగ్ చట్టం కింద అరెస్టు చేశారు. చదువుకున్న, పలుకుబడి ఉన్న స్త్రీకి ఆ చట్టంలోని కఠినమైన బెయిలు షరతుల నుంచి మహిళలకున్న మినహాయింపు వర్తించదని ఢిల్లీ హైకోర్టు భావించింది. సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి ఆగస్టు 27న బెయిలిచ్చింది. ఆ కేసులో ఆమెకు విధించిన బాండు 10 లక్షల రూపాయలు.

అంత తూగలేనివాళ్ళ కోసం 2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. విచారణ ఖైదీ పూచీకి 40,000 రూపాయల వరకు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చని అప్పుడు నిర్ణయించారు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును పెట్టాలి. ఈ ఉచిత వకీలు సహాయానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా సరిపోతుంది.