డయాలసిస్ మంచం మీద సైకిలు

డయాలసిస్ చరిత్రను సాధారణంగా 1943లో, నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విల్లెం కోల్ఫ్ నిర్మించిన తిరిగే పీపా యంత్రంతో మొదలుపెడతారు. నేను ఒక మరణంతో మొదలుపెడతాను.

1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు, క్లైడ్ షీల్డ్స్ అనే కార్మికుని చేతిలోని ధమనిని, సిరను కలుపుతూ టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. అంతకుముందు ప్రతిసారీ కొత్తగా రక్తనాళాన్ని కోయవలసి వచ్చేది గనుక, మూత్రపిండాలు శాశ్వతంగా చెడినవారికి ఈ చికిత్స దక్కేది కాదు. షీల్డ్స్ మరో పదకొండేళ్ళు జీవించాడు. 1971లో అతణ్ణి తీసుకుపోయింది మూత్రపిండాల జబ్బు కాదు, గుండెపోటు.

అది ఒక్కరి కథ కాదని 1974లో తేలింది. సియాటిల్‌లోనే 39 మంది రోగులను పరిశీలిస్తే, మరణాలలో సగానికి పైగా ధమనులు పూడుకుపోవడం వల్ల సంభవించినవే. ఒంట్లో నిలిచే నీరు, రక్తపోటు, రక్తహీనత కలిసి గుండె ఎడమ జఠరికను మందంగా మారుస్తాయి. యంత్రం రక్తాన్ని శుభ్రపరుస్తుంది గాని, గుండెను కాపాడలేదు.

అయినా రోగి అంటే పడుకోవలసినవాడన్న భావన పోలేదు. 1980ల ఆరంభంలో సెయింట్ లూయిస్‌లో ఆండ్రూ గోల్డ్‌బెర్గ్ బృందం డయాలసిస్ రోగులచేత వ్యాయామం చేయించి, రక్తంలో కొవ్వులు, రక్తపోటు మెరుగుపడటం గమనించింది. 1986లో పాట్రీషియా పెయింటర్ బృందం ఏకంగా డయాలసిస్ జరుగుతుండగానే సైకిలు తొక్కించిన ఫలితాలను ప్రకటించింది. 2021లో ఇంగ్లండులోని లెస్టర్ పరిశోధకులు 130 మందితో జరిపిన పరీక్షలో, ఆరు నెలలు అలా తొక్కినవారి ఎడమ జఠరిక బరువు తగ్గింది. ఆయువు పెరుగుతుందని దానివల్ల రుజువు కాలేదు. గుండె మీద భారం తగ్గుతుందన్నది మాత్రం కనబడింది.

ఇదంతా నేను ఆలస్యంగా చదివాను. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు నాన్నగారు ఆ మంచం మీద కదలకుండా పడుకునేవారు. ఇంటికి వచ్చాక వీధి చివరిదాకా నడిచివస్తానంటే, "మీకెందుకండీ శ్రమ" అని కూర్చోబెట్టింది మేమే. ప్రేమతోనే. ఆయన కూడా చివరికి గుండెతోనే పోయారు.

నడిచివుంటే బ్రతికేవారని నేననను. మీ ఇంట్లో అటువంటివారుంటే, కూర్చోబెట్టే ముందు ఒక్కసారి వైద్యుణ్ణి అడగండి: ఎంతవరకు నడవవచ్చునని.